వంగ ఆకుల మీద చుక్కల పురుగులు, ఉంచాలా తీసీయాలా?

బలగ_పెరడు
శ్రీకాకుళం టౌన్లోనే ఉంటాం, ఇంటి వెనక కొంచెం స్థలం ఉంది. వంగ, బెండ, అలసంద, ఆనపపాదు, గోడవార మందారాలు వేశాను. పిల్లలు తింటారు కదా, మందులు కొట్టకూడదని గట్టిగా అనుకుని పెంచుతున్నాను. వానలు తగ్గాక వంగ మీద గుండ్రటి పురుగులు వచ్చాయి, వీపు ఇటుకరంగు, దాని మీద నల్లచుక్కలు. పక్కింటి మాస్టారు చూసి "అమ్మా అవి అక్షింతల పురుగులు, మిత్రపురుగులు, ఆకు రసం పీల్చే పేనుబంకని తింటాయి, చంపకండి" అన్నారు. నెట్లో వెతికినా అదే ఫోటో అదే మాట. సరేనని వదిలీసాను. ఇప్పుడు చూస్తే కింది ఆకులన్నీ పచ్చదనం పోయి ఈనెలు మిగిలాయి. వంగ మీద పేనుబంక అసలు లేనే లేదు, మరి ఇవి ఏం తిని బతుకుతున్నట్టు? మిత్రపురుగులు ఆకు తింటాయా? మొక్కలు పూత మీద ఉన్నాయి, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

గజపతినగరం_కుర్రోడు
ఆకు తింటే మిత్రుడేటి అప్పా, చుట్టమై ఉంటాడు. వచ్చి కూచుంటే పంట అయ్యేదాకా కదలడు.

మిద్దెతోట_విజయనగరం
మాకూ పోయిన ఏడు ఇవే వచ్చాయి, చుక్కలున్నాయి కదా అని నమ్మి కూచుంటే వంగ పోతుంది. వెంటనే తీసీయండి. మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు, నేను ఫాలో అవుతాను.

నైరా_పాతబ్యాచ్
మీరు చెప్పినదాన్ని బట్టి అది ఎపిలాక్నా అండి, ఫోటో అక్కర్లేదు. అక్షింతల పురుగుల కుటుంబమే కానీ ఇది ఆకు తినే రకం. వంగ, టమాటా, బంగాళాదుంప, కాకర ఇవి దీనికి ఇష్టం. మాస్టారు చెప్పింది కుటుంబం మొత్తానికి చాలావరకు నిజమే, మీ వంగ మీద కూచున్నదానికి మాత్రం వర్తించదు.

ఒకదాన్ని పట్టుకుని వెలుగులో చూడండి. ఎపిలాక్నా వీపు మెరవదు, సన్నటి నూగు ఉంటుంది, మాసినట్టు కనపడుతుంది. మామూలుగా రెండు రెక్కల మీద కలిపి 28 చుక్కలు, 12 చుక్కల రకం కూడా ఉంది. పేనుబంక తినే రకాల వీపు నున్నగా తళతళా మెరుస్తుంది. మన దగ్గర ఎక్కువ కనపడేదానికి చుక్కల కంటే వంకర టింకర నల్లగీతలు ఉంటాయి, పసుపు నుంచి ఎరుపు దాకా ఏ రంగులోనైనా ఉండొచ్చు. మీ అలసంద మీద పేనుబంక ఉంటే అక్కడ వెతకండి, తప్పకుండా దొరుకుతాయి.

పిల్లపురుగుల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఎపిలాక్నా పిల్ల పసుపురంగు, ఒంటి నిండా కొమ్మలున్న ముళ్ళు, ఆకు కింద కదలకుండా ఉండి గీతలు గీతలుగా గోకి తింటుంది. మిత్రపురుగు పిల్ల నలుపు, పొడుగు ఒళ్ళు, పక్కల నారింజ మచ్చలు, కాళ్ళు ఆరూ బయటికే ఉంటాయి, చకచకా నడుస్తుంది. జనం ఎక్కువగా చంపీసేది దీన్నే, చూడ్డానికి భయంగా ఉంటుందని. తల్లిపురుగు కంటే ఈ పిల్లే పేనుబంక కసిగా తింటుంది.

తీసీడానికి మందు అక్కర్లేదు. పొద్దున్నే ఎండ రాకముందు అవి మందంగా ఉంటాయి, ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కింద పడతాయి. ఆకు కింద సబ్బునీళ్ళ పళ్ళెం పెట్టి కొమ్మ తట్టండి. గుడ్లున్న ఆకులు తుంచీయండి.

బలగ_పెరడు
నూగు ఉంది! ఇప్పుడే టార్చి పెట్టి చూశాను, ఏ వైపు తిప్పినా మెరవడం లేదు. చుక్కలు లెక్కపెడుతుంటే ఎగిరిపోయింది కానీ చాలా ఉన్నాయి. ఆకు తిరగేస్తే పసుపు ముళ్ళ పిల్లలు కూడా ఉన్నాయి, అవి వేరే ఏదో పురుగు అనుకున్నాను ఇన్నాళ్ళూ. అలసంద దగ్గరికి రేపు పొద్దున్న వెళ్తాను. మీకు చాలా చాలా థాంక్స్ అండి.

బొబ్బిలి_కషాయం
ఇంత వెతుకులాట దేనికండీ. మేం ప్రకృతి వ్యవసాయంలో ఉన్నాం, వారానికొకసారి అగ్నిఅస్త్రం కషాయం కొడతాం, మధ్యలో నీమాస్త్రం, అది వేపాకు కషాయం. ఏ పురుగూ నిలవదు. అగ్నిఅస్త్రంలో పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు, గోమూత్రం, అన్నీ ఇంటిదగ్గర దొరికేవే. కెమికల్ లేదు, ఖర్చు లేదు.

నైరా_పాతబ్యాచ్
బొబ్బిలి గారూ మీరు కెమికల్ మానెయ్యడం చాలా గొప్ప విషయం, దాని గురించి నాకు రెండో మాట లేదు. వారం వారం కొట్టడం దగ్గరే నా అభ్యంతరం. పొగాకులో ఉన్నది నికోటిన్, దానికి పేనుబంక, అక్షింతల పిల్ల అన్న తేడా తెలీదు. ఆకు మీద ఎవడుంటే వాణ్ణి చంపుతుంది. పేనుబంక తల్లి మగదానితో పనిలేకుండానే పిల్లల్ని కనేస్తుంది, వారం పదిరోజుల్లో ఆ పిల్లలూ కంటాయి. అక్షింతల పురుగు గుడ్డు పెట్టి, పిల్లయి, గూడయి, పెద్దదవ్వాలంటే మూడు వారాలైనా పడుతుంది. రెండింటినీ ఒకేసారి చంపితే ముందు తిరిగొచ్చేది ఎవరు?

బొబ్బిలి_కషాయం
మరి వదిలీసి కూచుంటే కూర ఎక్కడినుంచి వస్తుంది? మా మండలంలో చాలామంది ఇలాగే పండిస్తున్నారు.

మిద్దెతోట_విజయనగరం
వదిలీయమని ఆయన అనలేదండి, వారం వారం తోటంతా కొట్టొద్దన్నారు, ఎక్కడ పురుగుందో అక్కడే కొట్టొచ్చు. నేను మిద్దె మీద అదే చేస్తున్నాను. పేనుబంక పట్టిన కొమ్మ చివర్లని ముందు వట్టి నీళ్ళతో గట్టిగా పైపు పెట్టి కడిగేస్తాను. సగం అక్కడికే పోతుంది. తగ్గకపోతే ఆ కొమ్మ ఒక్కదానికే సాయంత్రం పూట వేపనూనె, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, నీళ్ళలో కలవడానికి కొంచెం సబ్బు. పక్క కుండీకి చుక్క పడనివ్వను. అలా చెయ్యడం మొదలుపెట్టాక చిక్కుడు మీదకి అక్షింతల పురుగులు వాటంతట అవే వచ్చాయి, మూడో అంతస్తుకి ఎలా కనిపెట్టి వచ్చాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

బొబ్బిలి_కషాయం
ఒక్క కొమ్మకి కొట్టడం పెరట్లో కుదురుతుంది, అరెకరం కూరగాయల్లో కుదరదు. అయినా పొగాకు తీసేసి చేసి చూస్తాను ఈ సీజను. నీమాస్త్రం మాత్రం మానను.

నరసన్నపేట_ఊడుపు
మీరందరూ పెరట్లోన నాలుగు మొక్కలకి సెప్తన్నారు. నాకు వరి ఉన్నాది. సుడిదోమ పడితే ఈ అక్షింతల పురుగులొచ్చి కాపాడతాయేటి? రాత్రికి రాత్రి మడి మడి ఎండిపోద్ది. మందు కొట్టకుండా నిద్దరెలాగ పడతాది?

నైరా_పాతబ్యాచ్
మీ భయం న్యాయమైనదే బాబూ. కానీ సుడిదోమ కథ వింటే మీకే తెలుస్తుంది. దాని గుడ్లని పీల్చి తినే పచ్చటి మిరిడ్ నల్లి ఉంటుంది, పిల్లల్ని తినే సాలీళ్ళు ఉంటాయి. మొదట్లోనే ఆకుముడతకనో ఇంకోదానికనో సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందులు కొడితే చచ్చేది ముందు ఇవి. సుడిదోమ కాండం మొదళ్ళలో నీటి అంచున ఉంటుంది, దానికి మందు సరిగా తగలదు. కాపలా పోయి, దొంగ మిగిలి, పది రెట్లు పెరుగుతుంది. ఇండోనేషియాలో సరిగ్గా ఇదే జరిగి 1986లో వరి మీద 57 రకాల మందులు నిషేధించారు, అక్కడి ప్రభుత్వమే.

మీరు మందుకి పరిగెత్తే ముందు దుబ్బులు వంచి మొదళ్ళలో చూడండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ వాళ్ళు రైతులకి నేర్పే లెక్క ఒకటుంది, రెండు శత్రుపురుగులకి ఒక మిత్రపురుగు లెక్కన కనపడితే ఆగి చూడొచ్చు. ఊడుపప్పుడు ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి, వెలుతురు మొదళ్ళకి తగిలి దోమ తగ్గుతుంది. దోమ కనపడగానే నీళ్ళు తీసేసి మడి ఆరబెట్టండి. యూరియా ఎక్కువ పడిన మడికే ముందు వస్తుంది, ఇది మీకూ అనుభవమే అయ్యుంటుంది.

నరసన్నపేట_ఊడుపు
యూరియా మాట నిజమే. పక్క మడోడు రెండు బస్తాలు ఎక్కువేసినాడు, ఆడికే ముందు పడింది. సాలీళ్ళు మా మడిలో బోలెడు, పొద్దున్న మంచుకి గూళ్ళన్నీ కనపడతాయి. అవి తింటాయని నాకు తెల్దు. కాలిబాటలు తీయమని మా ఆఫీసరు కూడా సెప్పినాడు గానీ బాటకి పోయే నేల కూడా పంటే కదా అని తియ్యలేదు.

మిద్దెతోట_విజయనగరం
బాటకి దుబ్బులు పోతే పోనీ, గట్టు పక్క దుబ్బులు ఎలా పండుతాయో చూడండి బాబూ, బాట పక్కవీ అంతే. గట్టువార కంకులెప్పుడూ బరువే.

బలగ_పెరడు
అలసంద చూశానండి! ఉన్నాయి, నున్నగా మెరుస్తూ, వంకర గీతలు. నల్లటి పిల్లలు కూడా. ఒక పిల్ల పేనుబంకని నోట కరుచుకుని పైకెత్తి పట్టుకుంది, కింద పెట్టకుండా మొత్తం పీల్చీసి తొక్క వదిలేసి పక్కదాని మీదకి వెళ్ళింది. మా చిన్నది స్కూలుకి లేటైనా కదల్లేదు అక్కడినుంచి.

ఒక డౌటు. అలసంద ఆకు కింద, వంగ ఆకు కింద రెండుచోట్లా పసుపురంగు గుడ్లు గుంపుగా నిలబెట్టి ఉన్నాయి. ఏవి ఎవరివి?

నైరా_పాతబ్యాచ్
చూపుకి రెండూ దాదాపు ఒకటే. చుట్టూ ఏముందో చూడండి, పేనుబంక పక్కన ఉంటే మిత్రులవి అయ్యే అవకాశం ఎక్కువ. ఖచ్చితంగా తెలియాలంటే ఆకు తుంచి గాజు గ్లాసులో పెట్టి పైన పల్చటి గుడ్డ కట్టండి, మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. పసుపు ముళ్ళ పిల్లలొస్తే సబ్బునీళ్ళకి, నల్లవొస్తే వెంటనే అలసంద మీదకి. ఆలస్యం చేస్తే గ్లాసులోనే ఒకదాన్నొకటి తినీస్తాయి.

ఇంకో మాట. ఎపిలాక్నా పిల్లల్లో కొన్ని ముదురు గోధుమరంగుకి తిరిగి, ఉబ్బి, ఆకుకి అతుక్కుని కదలకుండా ఉంటే వాటిని తీయొద్దు. వాటి కడుపులో పీడియోబియస్ అనే చిన్న కందిరీగ పిల్లలు పెరుగుతున్నట్టు. ఆ కందిరీగ మన దేశంలోదే, అమెరికావాళ్ళు ఇక్కడినుంచి తీసుకెళ్ళి చిక్కుడు తినే ఎపిలాక్నా మీద వదిలారు.

రణస్థలం_అమ్మమ్మ
మా టమాటా మీద లావుపాటి పచ్చపురుగు ఉంది, దాని వీపు నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లటివి అతుక్కుని ఉన్నాయి. మా కోడలు అవి దాని గుడ్లు, మొత్తం కాల్చీయాలి అంటోంది. ఇదీ అలాంటిదేనా నాయనా?

నైరా_పాతబ్యాచ్
అదే అమ్మా. అలాంటి పచ్చపురుగులు గుడ్లు వీపు మీద మోసుకుని తిరగవు. కందిరీగ జాతి చిన్న ఈగ ఆ పురుగు ఒంట్లో గుడ్లు పెట్టింది, పిల్లలు లోపల తిని బయటికొచ్చి గూళ్ళు కట్టుకున్నాయి. ఆ పురుగు ఇక ఎక్కువ తినదు, చచ్చిపోతుంది. అలా వదిలేస్తే ప్రతి గూడులోంచి ఒక ఈగ వస్తుంది, మీ తోటలో మిగతా పురుగుల పని పడుతుంది. కోడలికి చూపించండి.

రణస్థలం_అమ్మమ్మ
కాల్చనివ్వలేదు. డబ్బాలో పెట్టి మూతకి కన్నాలు పొడిచి అరుగు మీద పెట్టాం, ఈగలు రాగానే వదులుతాం. కోడలే కాపలా ఇప్పుడు.

గజపతినగరం_కుర్రోడు
నాదో బాధ వినండి. ట్రైకోకార్డులు, అంటే మిత్రపురుగు పెరిగే గుడ్లు అంటించిన అట్టలు, ఆన్‌లైన్లో తెప్పించాను, బెండలో కాయతొలుచు పురుగుకి. కొరియర్ వచ్చేసరికి కవర్లోనే అన్నీ పొదిగి చచ్చిపోయి ఉన్నాయి. ఫోన్ చేస్తే మాకు సంబంధం లేదు అన్నారు. ఇలాంటివి అసలు పనిచేస్తాయా లేక డబ్బులు దండగా?

నైరా_పాతబ్యాచ్
పనిచేస్తాయి తమ్ముడూ, కానీ అవి ప్రాణులు, సరుకు కాదు. కార్డు మీద ఉండేవి బియ్యానికి పట్టే రెక్కల పురుగు గుడ్లు, ఒక్కో కార్డుకి సుమారు 20,000. వాటి లోపల ట్రైకోగ్రామా అనే కందిరీగ జాతి చిన్న ఈగ పెరుగుతుంది, పెరిగేకొద్దీ గుడ్డు నల్లబడుతుంది. బయటికొచ్చే ఈగ అర మిల్లీమీటరంత, కంటికి ఆనదు. అది మన పొలంలో సీతాకోకలు, రెక్కల పురుగులు పెట్టిన గుడ్లలో తన గుడ్డు పెడుతుంది, అంటే పురుగు పుట్టకముందే పోతుంది. అందుకే కాయలో పురుగు దూరాక కార్డు కడితే లాభం లేదు, రెక్కల పురుగులు తిరుగుతున్నప్పుడే కట్టాలి. మగ రెక్కల పురుగుల్ని వాసనతో లాగే లింగాకర్షక బుట్ట ఒకటి పెట్టుకుంటే ఎప్పుడు తిరుగుతున్నాయో తెలుస్తుంది.

దూరం నుంచి ఎండలో కొరియర్ తెప్పించుకోవద్దు. దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయో ఆమదాలవలస కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లోనో, మీ వైపైతే రస్తాకుంటుబాయి కేవీకేలోనో అడగండి, పొదిగే తేదీ కనుక్కుని తెచ్చుకోండి. ముక్కలు కత్తిరించి ఆకు కింద వైపు, ఎండ తగలకుండా, సాయంత్రం పిన్ను కొట్టండి. చీమలు తినీకుండా చూసుకోవాలి. వరికైతే ఎకరానికి విడతకి రెండు కార్డులు, వారం వారం కొన్ని విడతలు. ఈలోగా మందు పడకూడదు.

బలగ_పెరడు
వంగలో కొమ్మ చివర్లు వాలిపోతున్నాయి, చీల్చి చూస్తే లోపల గులాబీరంగు పురుగు. దానికి కూడా కార్డు కట్టొచ్చా?

మిద్దెతోట_విజయనగరం
పెరట్లో అయితే కత్తెర చాలండి. వాలిన కొమ్మని వాలిన చోటుకి ఒక బెత్తెడు కిందకి కత్తిరించి కవర్లో మూట కట్టి ఎండలో పడీయండి. పక్కన పారేస్తే పురుగు బయటికొచ్చి మళ్ళీ మొదలు. కన్నం పడిన కాయలూ అంతే.

చీపురుపల్లి_మందారం
నాకు పిండినల్లి గోల. మందారం మొగ్గలన్నీ తెల్లగా ముద్ద కట్టీసాయి. దీనికి మిత్రులెవరూ లేరా? సబ్బునీళ్ళు కొట్టి కొట్టి విసిగిపోయాను.

మిద్దెతోట_విజయనగరం
ముందు చీమల సంగతి చూడండి. పిండినల్లి కార్చే తీపి బంక కోసం నల్లచీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు దగ్గరికొస్తే కరిచి తరిమేస్తాయి. కాండం మొదట్లో ప్లాస్టిక్ టేపు చుట్టి దాని మీద గ్రీజు రాయండి, బెరడుకి నేరుగా రాయొద్దు. గోడకి తగిలే కొమ్మలు కత్తిరించండి, లేదంటే చీమలు ఆ దారిన వస్తాయి.

నైరా_పాతబ్యాచ్
అవును, ఆ తర్వాత క్రిప్టోలీమస్. ఇది కూడా అక్షింతల పురుగే, ముదురు గోధుమ నలుపు వీపు, నారింజ తల. ఆస్ట్రేలియాది, 1898లో మన దేశానికి తెచ్చారు. దీని పిల్ల ఒంటి నిండా తెల్లటి మైనం పోగులు ఉంటాయి, అచ్చం పిండినల్లిలాగే కనపడుతుంది, కానీ నల్లి కంటే చాలా పెద్దది, చురుగ్గా తిరుగుతుంది. పెద్ద తెల్లపురుగు నల్లుల మధ్య నడుస్తోందంటే దాన్ని చంపొద్దు.

బొప్పాయి పిండినల్లి గుర్తుందా ఎవరికైనా? 2008లో కోయంబత్తూరు వైపు మొదట కనపడింది, బొప్పాయి, మల్బరీ, మందారం అన్నీ తెల్లబడిపోయాయి. మందు కొట్టినా ఆ మైనం దాటి లోపలికి పోలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి అసిరోఫాగస్ అనే చిన్న కందిరీగని తెచ్చి బెంగళూరులో మిత్రపురుగుల మీద పనిచేసే కేంద్ర సంస్థవాళ్ళు పెంచి వదిలారు. ఆ తర్వాత అది సద్దుమణిగిపోయింది. ఒక్క ఈగ చేసిన పని అది! నాకిప్పటికీ ఆ కథ చెప్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

కవిటి_కొబ్బరి
మాకు ఉద్దానంలో కొబ్బరికి తెల్లదోమ. తిత్లీ తుపానుకి 2018లో చెట్లు పోయాయి, మిగిలినవాటికి ఇది పట్టింది. ఆకు వెనక తెల్లగా చుట్టలు చుట్టలుగా గుడ్లు, కింద ఆకుల మీద నల్లటి మసి. నలభై అడుగుల చెట్టుకి మందు ఎవడు కొడతాడు, కొట్టినా అది కింద బావిలోనే కదా పడేది. మా ఊళ్ళో కిడ్నీ జబ్బులు, నీళ్ళంటే ఉన్న భయం మీకందరికీ తెలుసు. అందుకని ఈ చర్చ మొత్తం చదివాను.

నైరా_పాతబ్యాచ్
కొబ్బరి గారూ మీరు మందు కొట్టకపోవడమే సరైన పని. అది సర్పిలాకార తెల్లదోమ, 2016లో పొల్లాచ్చి దగ్గర మొదట కనపడింది. దానితోపాటే దాని శత్రువు ఎన్‌కార్సియా అనే కందిరీగ కూడా వచ్చింది. ఆకు వెనక దోమ పిల్లల్ని భూతద్దంతో చూడండి, గుండ్రటి చిన్న కన్నం ఉంటే అందులోంచి ఎన్‌కార్సియా బయటికి వచ్చినట్టు. అలాంటి ఆకుల ముక్కలు కత్తిరించి, ఆ ఈగలు లేని తోటలో ఆకులకి తగిలించొచ్చు. కోనసీమలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంవాళ్ళు తెల్లదోమని తినే అల్లిక రెక్కల పురుగు, దోమకి జబ్బు తెచ్చే ఇసారియా శిలీంధ్రం రెండూ పెంచుతున్నారు, మీ ఉద్యాన అధికారిని పట్టుకుని అడగండి. చిన్న చెట్లకి నీళ్ళు ఆకు వెనక్కి గట్టిగా కొట్టినా చాలా తగ్గుతుంది. మసి చూసి భయపడొద్దు, దోమ తగ్గితే అదీ రాలిపోతుంది.

కవిటి_కొబ్బరి
కన్నాలున్నాయి! పాప భూతద్దం పెట్టి చూశాం, కాలవ పక్క చెట్లకి చాలా, రోడ్డు పక్కవాటికి తక్కువ. ఆకు ముక్కలు మార్చి కడతాం. పక్క తోటవాళ్ళకి కూడా చెప్పాలి, ఒక్కళ్ళం చేస్తే ఏం లాభం.

బలగ_పెరడు
అల్లిక రెక్కల పురుగు అంటే గుర్తొచ్చింది, ఆనప ఆకు కింద సన్నటి దారప్పోగులు నిలబడి ఉన్నాయి, ఒక్కోదాని కొసన తెల్లటి చుక్క. బూజు అని తుడవబోయాను, ఎందుకో ఆగాను.

నైరా_పాతబ్యాచ్
ఆగి మంచిపని చేశారు! అవే దాని గుడ్లు. ముందు పుట్టిన పిల్ల పక్క గుడ్డుని తినీకుండా తల్లి ఒక్కోదాన్ని ఒక్కో కాడ మీద పెడుతుంది. ఆ పిల్లకి కొడవళ్ళలా వంగిన దవడలుంటాయి, పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, ఎర్రనల్లి ఏది దొరికితే అది పీలుస్తుంది. తల్లి పచ్చగా, రెక్కలు వలలా పల్చగా ఉండి రాత్రి లైటు దగ్గరికి వస్తుంది.

పెద్దవాటికి పూలు కావాలి, ఇది చాలామంది వదిలేసే సంగతి. అల్లిక రెక్కలవి, కందిరీగలు, సిర్ఫిడ్ ఈగలు తేనె, పుప్పొడి తాగి గుడ్లు పెడతాయి. కొత్తిమీర, సోపు, ఆవాలు కొన్ని మొక్కలు కోయకుండా పూతకి వదిలీయండి. కొత్తిమీర పూత దగ్గర పసుపు నలుపు చారల ఈగ గాల్లో ఒకేచోట నిలబడితే అది తేనెటీగ కాదు, సిర్ఫిడ్, దాని పిల్లలు కూడా పేనుబంకే తింటాయి. టమాటా మళ్ళ మధ్య బంతి వేస్తే శనగపచ్చ పురుగు గుడ్లు బంతి మీద పెడుతుంది, మనం ఆ మొగ్గలు ఏరేస్తే సరి.

బొబ్బిలి_కషాయం
అంచుల్లో అలసంద, బంతి, మొక్కజొన్న మేం ఎప్పట్నుంచో వేస్తున్నాం. ఈ ఒక్క విషయంలో మనం గొడవపడక్కర్లేదు.

పలాస_జీడిమామిడి
చీమలని మందారం ఆవిడకి తరిమేయమన్నారు కదా, నేను ఒప్పుకోను. జీడితోటలో ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలుంటాయి, అవి ఉన్న చెట్టుకి టీ దోమ, అంటే చిగురు రసం పీల్చే నల్లి జాతి పురుగు, తక్కువ. కొత్త చిగురు, పూత మాడకుండా నిలబడుతుంది. మా నాన్న ఆ గూళ్ళు ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. చీమలన్నీ చెడ్డవి అనకండి.

మిద్దెతోట_విజయనగరం
అన్నీ చెడ్డవి అనలేదండీ, మందారం మీద నల్లచీమల గురించి చెప్పాను. మీ ఎర్రచీమలు కూడా పొలుసు పురుగుల్ని కాపాడతాయి కదా?

పలాస_జీడిమామిడి
కాపాడతాయి, కాదనను. కానీ దోమని, గొంగళిపురుగుల్ని ఉండనివ్వవు. జీడికి ముఖ్యమైన శత్రువు దోమ. లెక్క వేసుకుంటే మాకు లాభమే.

నైరా_పాతబ్యాచ్
ఇద్దరూ చెప్పింది నిజమే, చీమ వేరు, చెట్టు వేరు, శత్రువు వేరు. పిండినల్లి సమస్య ఉన్నచోట చీమని ఆపాలి, టీ దోమ సమస్య ఉన్నచోట ఎర్రచీమని ఉంచాలి. చైనాలో 1,700 ఏళ్ళ కిందటే నారింజ తోటలకి ఈ జాతి చీమల గూళ్ళు సంచుల్లో పెట్టి అమ్మేవారని పాత రాతల్లో ఉంది. పురుగు మీదకి పురుగుని వదలడంలో మనకి తెలిసిన అన్నింటికంటే పాత సంగతి అదే. అక్కడివాళ్ళు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెదురుబద్దలు వంతెనల్లా వేసేవారు, చీమలు దిగకుండా నడవడానికి. మీ తోటలో తాడు కట్టినా సరిపోతుంది.

గజపతినగరం_కుర్రోడు
ఒడిశా మయూర్‌భంజ్‌లో ఇదే చీమల పచ్చడికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది 2024లో. కాపలాకి కాపలా, కూరకి కూర.

పలాస_జీడిమామిడి
తాడు సంగతి బావుంది, మా పడమటి వైపు చెట్లకి చీమలు లేవు, కట్టి చూస్తాను. పచ్చడి మాత్రం మీరే తినండి.

ఎస్‌కోట_మామిడి
మాకు మామిడిలో ఈ ఎర్రచీమలే ఉన్నాయి. పురుగు తక్కువే, ఒప్పుకుంటాను, కానీ కోతకి కూలోళ్ళు చెట్టెక్కమంటే ఎక్కరు. కాళ్ళు చేతులు కరిచీసి పైనుంచి దూకేస్తున్నారు. కోత రోజుకి ఏం చేస్తారు మీరు?

పలాస_జీడిమామిడి
చేతులకి, కాళ్ళకి పొయ్యి బూడిద బాగా పట్టించుకుంటే ఎక్కలేవు, జారిపోతాయి. చెమట పడితే మళ్ళీ రాసుకోవాలి, అందుకని గుడ్డలో మూట కట్టి నడుముకి కట్టుకుంటారు మావాళ్ళు. గూళ్ళున్న కొమ్మ కదపకుండా పక్క కొమ్మ నుంచి దోటీతో కొయ్యాలి. ఎండ ముదరకముందే మొదలుపెట్టండి, ఎండెక్కితే వాటికి ఊపొస్తుంది.

ఎస్‌కోట_మామిడి
బూడిద మా ఇంట్లో బస్తాడు ఉంది. వేసవికి కోత మొదలవ్వగానే చేసి ఇక్కడే రాస్తాను.